జగదాంబ పులుసు

నూట ఎనభై మందికి ఉప్పు వేయమంటే కళ్లు మూసుకుని వేస్తాను. ఒక్కడికి వేయమంటే నాకు చేతకాదు. ఈ సంగతి నాకు యాభై ఎనిమిదో ఏట, మొన్నటి శ్రావణమాసంలో తెలిసింది.

ముప్పై ఒక్క ఏళ్లు సినిమా షూటింగుల్లో వంట చేసినవాణ్ణి. ఫిల్మ్ నగర్‌లో సెట్టు వేసినా, వికారాబాద్ అడవిలో ఫైటు తీసినా, తెల్లవారకముందే పొయ్యి ముట్టించేది నేనే. ఇడ్లీ, ఉప్మా, పదకొండింటికి మజ్జిగ, మధ్యాహ్నం పప్పు, రెండు కూరలు, కోడికూర, సాంబారు, పెరుగు. లైట్లు మోసేవాళ్ల దగ్గర్నుంచి డైరెక్టరు దాకా ‘వంట బాలనర్సయ్యదా? అయితే ఫికర్ లేదు’ అనేవాళ్లు. గొప్పలు పోతున్నానని మీరు అనుకున్నా నాకు నష్టం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను.

ఆ శ్రావణంలో సినిమా కార్మికులు సమ్మెకు దిగారు. షూటింగులన్నీ బందయ్యాయి. మామూలు రోజుల్లో తెల్లవారేసరికి ఖాళీ అయిపోయే మా కృష్ణానగర్ గల్లీ పట్టపగలు కూడా మనుషులతో నిండిపోయింది. డాన్సర్లు, ఫైటర్లు, మేకప్ వాళ్లు మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ, చాయ్ తాగుతూ, ఎవరి గదిలో ఏం వండారో మూతలు తీసి చూసుకుంటూ గడిపేవాళ్లు. అంతమందిలో నన్ను పలకరించని వాడు లేడు. అయినా పలకరింపు అయిపోయాక ఎవరి గదికి వాళ్లు పోతారు కదా, నేనూ మెట్లెక్కి నా రెండు గదుల్లోకి వచ్చి పడేవాణ్ణి.

నా భార్య జగదాంబ ఫాల్గుణంలో చనిపోయింది. మాకు పిల్లలు లేరు. ఆమె పోయాక ఐదు నెలలు ఎడతెరిపి లేకుండా షూటింగులు దొరికాయి. కావాలనే పట్టుకున్నాను. ఇంటికి పడుకోవడానికి మాత్రం వచ్చేవాణ్ణి. సమ్మె పుణ్యమా అని పగటిపూట మా ఇల్లు ఎట్లా ఉంటుందో మొదటిసారి చూశాను. పదకొండింటికి వంటగది కిటికీలోంచి ఎండ వచ్చి గ్యాస్ పొయ్యి మీద పడుతుంది. పన్నెండున్నరకు వెళ్లిపోతుంది. ఇరవై రెండేళ్లు అదే ఇంట్లో కిరాయికి ఉండి నాకు అది తెలియదు.

మొదటి రోజు పప్పు చేసుకుందామని కూర్చున్నాను. గుప్పెడు కందిపప్పు గిన్నెలో వేస్తే కంటికి ఆనలేదు. ఇంకో గుప్పెడు వేశాను. నీళ్లు ఎక్కువయ్యాయి, మళ్లీ పప్పు వేశాను. ఉప్పు చెయ్యి జారింది, దాన్ని సరిచేయడానికి ఇంకాస్త పప్పు. చివరికి ఆరుగురికి సరిపడా పప్పు తయారైంది, అదీ రుచి లేకుండా. రెండు ముద్దలు తిని మిగిలింది చెత్తబండిలో వేశాను.

పారేయక ఏం చేస్తానంటారా? నిన్నటిది ఇవాళ పెట్టకూడదన్నది మా పనిలో మొట్టమొదటి నియమం. పప్పు పులిసి యూనిట్‌లో నలుగురికి కడుపు పాడైతే షూటింగ్ ఆగిపోతుంది, వంటవాడి పేరు గంగలో కలుస్తుంది. నాకు పని నేర్పినాయన నిన్నటి గిన్నె మూత తీసి వాసన చూసినా తిట్టేవాడు. డేగిసాలకు డేగిసాలు బిర్యానీ పారబోసిన చెయ్యి ఇది. గిన్నెడు పప్పు ఒక లెక్కా?

సమ్మె మొదలైన వారానికి కింది వాటాలో ఉండే తెరెసా తలుపు తట్టింది. గుంటూరు వైపు మనిషి, భర్త లేడు, సినిమాలకు కాస్ట్యూములు కుడుతుంది. జగదాంబకు ఈ బిల్డింగులో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు.

“అన్నయ్య గారూ, మేడమ్ గారు మీకోసం వచ్చారండీ.”

ఆమె వెనక నలభై ఏళ్లావిడ ఒకరు నిలబడి ఉన్నారు. పేరు ఉదయశ్రీ. జూబ్లీహిల్స్‌లో ఇల్లు, సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తారు, తెరెసా దగ్గర బట్టలు కుట్టించుకుంటారు. లోపలికి రాగానే గోడ మీద జగదాంబ ఫొటో చూసి చేతులు జోడించారు. కళ్లు తుడుచుకున్నారు. జూబ్లీహిల్స్ ఆవిడకు మా జగదాంబ ఎట్లా తెలుసా అని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

“ప్రతి నెలా రెండో ఆదివారం మా ఇంట్లో కలుస్తామండీ, పాతిక ముప్పై మందిమి. తిండి అంటే ప్రాణం పెట్టేవాళ్లమే అందరం. రూల్ ఒక్కటే. ఇంట్లో రోజూ వండుకునేదే తేవాలి, దేన్నీ పారేయకుండా వండాలి. తొక్కలు, కాడలు, గింజలు, ఏదైనా సరే. తెరెసా గారు ఒకసారి జగదాంబ గారిని తీసుకొచ్చారు. తర్వాత ఆవిడే మాకు టీచర్ అయిపోయారు.”

“మా జగదాంబనా?”

“మీతో చెప్పలేదా?”

చెప్పే ఉంటుంది. చెప్పినప్పుడు నేను బూట్లు విప్పుకుంటూ ఉండి ఉంటాను, లేకపోతే ఫోనులో మర్నాటి లెక్క మాట్లాడుతూ ఉండి ఉంటాను. ఆ మాట ఈవిడతో ఏం అంటాం?

“చెప్పింది, చెప్పింది,” అన్నాను.

“ఆవిడ పులుసు ఒకటి తెచ్చేవారండీ. మేం దానికి జగదాంబ పులుసు అని పేరే పెట్టుకున్నాం. ఎట్లా చేస్తారని ఎంత అడిగినా నవ్వేసి, ‘ఇంట్ల ఉన్నదానితోనే’ అనేవారు. ఇప్పుడు అడుగుదామంటే లేరు. ఈ రెండో ఆదివారం మీరు ఆ పులుసు చేసుకుని వస్తే ఆవిణ్ణి తలుచుకుని తింటాం. రాసి కూడా పెట్టుకుంటాను. లేకపోతే ఆవిడతోనే పోతుంది కదండీ. మీకు తెలుసు కదా?”

“నాకు తెల్వదా మేడమ్? ముప్పై ఏండ్లు తిన్న,” అన్నాను.

పచ్చి అబద్ధం. ఆ పులుసు రంగు ఏమిటో కూడా నాకు తెలియదు. ఇంతమందికి వండిపెట్టిన వంటవాడికి పెళ్లాం చేసే పులుసు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

ఉదయశ్రీ గారు వెళ్లాక తెరెసా తలుపు దగ్గరే ఆగిపోయింది.

“ఎందుకండీ ఒప్పుకున్నారు? ఏనాడైనా ఇంట్లో తిన్నారా మీరు?”

“వంటోన్ని తెరెసమ్మా. పులుసు చేసుడు రాదా నాకు? నువ్వు తిన్నవు గద, రుచి చెప్పు చాలు. రెండో ఆదివారానికి ఇంక పద్దెనిమిది రోజులున్నయి.”

ఆమె చెంగు నడుముకు చుట్టుకుని గడప మీద కూర్చుని కళ్లు మూసుకుంది. గుర్తు చేసుకోవడానికి అంత కష్టపడే మనిషిని నేను చూడలేదు.

“పుల్లగా ఉంటుంది. కానీ చింతపండు పులుపు కాదండీ, పళ్లు పులవవు. పప్పుందా అంటే ఉన్నట్టే ఉంటుంది, వెతికితే కనపడదు. వెల్లుల్లి పోపు. కూరగాయ ముక్క ఒక్కోసారి ఒక్కోటి. తాగితే కడుపులో చల్లగా ఉండేది. ఆఁ, ఒక్కోసారి అన్నం మెతుకు తగిలేది.”

“మెతుకా?” నాకు చురుక్కుమంది. “తొందరల గంటె కడుక్కోలేదేమో.”

“ప్రతిసారీనా అండీ?”

మా ఆవిడ వంటలో శుభ్రత లేదని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ రోజు నుంచి నాకు ఒక పని దొరికింది. పొద్దున రైతుబజారుకు వెళ్లి లేత బీరకాయలు, నిగనిగలాడే టమాటాలు తెచ్చి, పన్నెండింటికి పులుసు చేసి, గిన్నెలో పోసుకుని కిందికి దిగేవాణ్ణి. తెరెసా మిషను ఆపి, చేతులు కడుక్కుని, కాస్త అన్నంలో కలుపుకుని తినేది. ఒకరోజు చింతపండు, ఒకరోజు మామిడి ఒరుగులు, ఒకరోజు ఎండబెట్టిన చింతచిగురు, ఒకరోజు పెరుగు, మరో రోజు నిమ్మకాయ. పులుపు అనేది ఎన్ని దారుల్లో వస్తుందో అన్ని దారులూ నడిచాను.

“చాలా బాగుందండీ,” అనేది తెరెసా. “పెళ్లిలో పెట్టొచ్చు.”

“అదేనా?”

“అది కాదండీ.”

పెళ్లిలో పెట్టొచ్చు అన్న మాట నాకు తిట్టులా వినిపించడం మొదలైంది. మిగిలినదంతా గల్లీలో నిలిపిన చెత్తబండిలో పారబోసి పైకి వచ్చేవాణ్ణి. ఒకసారి ఆమె కిటికీలోంచి చూసి అరిచింది.

“అయ్యో, ఎందుకు పారబోస్తున్నారండీ? రేపు తినొచ్చుగా!”

“నిన్నటిది నేను ముట్ట తెరెసమ్మా. ముప్పై ఏండ్ల సంది గదే నా రూలు.”

మధ్యాహ్నాలు జగదాంబ డబ్బాలన్నీ దించి మూతలు తీసి చూసేవాణ్ణి. ఎక్కడైనా ఆ పులుపు దొరుకుతుందేమోనని. ఎండబెట్టిన బీరపొట్టు, కమలాపండు తొక్కల పొడి, ఒలిచిన పుచ్చగింజలు, ఏవో ఆకులు, ఏవో కాడలు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తే సగం ఏమిటో పోల్చుకోలేకపోయాను. నా ఇంట్లో, నా వంటగదిలో. ఎవరినైనా అడుగుదామంటే ఆ డబ్బాలు నింపిన మనిషి లేదు. ఆ మధ్యాహ్నాల్లో ఒంటరితనం అంటే ఏమిటో నాకు బాగా తెలిసొచ్చింది. గల్లీలో నవ్వులు వినిపిస్తుంటే ఇంకా తెలిసొచ్చేది.

పదకొండు రకాలు అయ్యాయి. ఆదివారం ఇంకా మూడు రోజులుంది. గురువారం పొద్దున తెరెసాతో, “ఇయ్యాల పులుసు గిట్ల ఏం లేదు. రెండు వారాలు నా వంటకు పరీక్ష పెట్టినవు, పాస్ చెయ్యలే. ఊకె రుచి చూసుడు గాదు, మా ఇంట్ల కూసోని కడుపునిండ తిను. ఒంటిగంటకు రా,” అన్నాను.

“తప్పకుండా వస్తానండీ. గోంగూర పచ్చడి తెస్తాను,” అంది.

ఆ రోజు ఏమైందో, చెయ్యి కుదిరింది. ఇద్దరికి పప్పు, ఇద్దరికి అన్నం, బీరకాయ కూర. ఉప్పు వేస్తే సరిగ్గా పడింది. ఒక్కడికి కుదరనిది ఇద్దరికి కుదిరింది. రెండు కంచాలు కడిగి బోర్లించాను. చాప పరిచాను. సన్నగా వాన పడుతోంది. ఒంటిగంట అయింది.

ఒకటిన్నర అయింది. మిషను చప్పుడు వినపడటం లేదు కాబట్టి వస్తూ ఉంటుందనుకున్నాను. పచ్చడికి పోపు పెడుతోందేమో అనుకున్నాను. రెండింటికి గల్లీలో ఈలలు, కేకలు వినిపించాయి. సమ్మె అయిపోయిందట. కిటికీలోంచి చూస్తే మనుషులు గదుల్లోకి పరుగెత్తి సంచులు భుజాన వేసుకుని వస్తున్నారు. ఆటోలు, బైకులు, ఒక స్టూడియో వ్యాను హారన్లు కొడుతూ గల్లీ మలుపు తిరగలేక ఇరుక్కుపోయాయి. మూడున్నరకల్లా గల్లీ అంతా ఖాళీ అయింది. కిందికి దిగి చూశాను. తెరెసా తలుపుకు తాళం ఉంది.

ఫోన్ చేద్దామా అనుకుని చేయలేదు. పనికే వెళ్లి ఉంటుంది, పనిలో ఉన్న మనిషికి ఫోన్ చేసి అన్నం చల్లారుతోందని ఏం చెబుతాం? పైకి వచ్చి అన్నం గిన్నె మీద మూత సరిగా పెట్టాను. నేనొక్కణ్ణే తినేద్దామని కంచం తిప్పాను కూడా. తినబుద్ధి కాలేదు. వస్తుందేమో, వచ్చేసరికి నేను తినేసి ఉంటే బాగుండదు కదా అనిపించింది. నాలుగు దాటింది, ఐదు దాటింది. ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాణ్ణి.

ఆరింటికి ప్రొడక్షన్ మేనేజర్ కమలాకర్ ఫోన్ చేశాడు.

“నర్సన్నా, సమ్మె ఖతం! ఆదివారం ఫిల్మ్ నగర్‌ల పెద్ద షెడ్యూల్. నూట అరవై మంది. నువ్వు లేకుంటే నడువది.”

“ఆదివారం నేను రాలేను సాబ్. సోమవారం సంది వస్త.”

“గట్లంటవేందే? ఎన్నడన్న కాదన్నవా నువ్వు?”

“ఇంట్ల పనున్నది.”

“ఇంట్ల ఎవరున్నరన్నా నీకు?”

పాపం, వాడు చెడ్డవాడు కాదు. మాట అన్నాక వాడికే తెలిసింది. సరే, ఆదివారానికి ఇంకొకరిని చూసుకుంటానని పెట్టేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను పని కాదనడం అదే మొదటిసారి.

పొద్దుగూకాక అన్నం పారబోద్దామని గిన్నె చేతిలోకి తీసుకున్నాను. చేయి రాలేదు. ఒక మనిషి కోసమని కొలిచి, కడిగి, వండిన అన్నం అది. ఎవరికీ కాకుండా చెత్తబండిలో ఎట్లా వేస్తాను? చిన్నప్పుడు మా అమ్మ చేసినట్టు అన్నం మునిగేదాకా నీళ్లు పోసి మూత పెట్టాను. పప్పు గిన్నె పొయ్యి పక్కనే ఉంచాను.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ గిన్నెల జోలికి పోలేదు. ఆకలి మాత్రం దంచేస్తోంది. తినేది నేనొక్కణ్ణే, యూనిట్ కాదు, నా కడుపు పాడైతే ఆగిపోయే షూటింగ్ ఏదీ లేదు అని నాకు నేనే చెప్పుకుని మూత తీశాను. అన్నంలో నీళ్లు తెల్లగా చిక్కబడ్డాయి. వేలితో నాలుక మీద వేసుకున్నాను. పులుపు. పళ్లు పులవని పులుపు.

ఇంకోసారి వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాను. తర్వాత తొందరేమీ లేకుండా పొయ్యి వెలిగించాను. పప్పును గంటెతో మెత్తగా మెదిపాను. అన్నం మీది నీళ్లు అందులోకి వంచాను. మిగిలిన బీరకాయ కూర వేశాను. రెండు పచ్చిమిర్చి, చిటికెడు పసుపు. మరిగాక వెల్లుల్లి చితక్కొట్టి, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టాను. నీళ్లు వంచినప్పుడు జారి పడిన అన్నం మెతుకులు నాలుగైదు పైకి తేలాయి.

మా జగదాంబ గంటె శుభ్రంగానే కడుక్కునేది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తెరెసా రొప్పుకుంటూ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, నిద్ర లేదు.

“క్షమించండన్నయ్య గారూ. నిన్న సమ్మె అయిపోతోందని ముందే కబురొచ్చి పన్నెండింటికే ఉన్నపళంగా పిలిచేశారు, నలభై డ్రెస్సులు అర్జెంటుగా సరిచేయాలని. ఫోన్ చేద్దామనే అనుకున్నానండీ, చెయ్యి ఖాళీ అవలేదు. వాళ్లు పెడితే అక్కడే తినేశాను. మీరు నాకోసం చూడలేదు కదా? తినేశారు కదా?”

“తిన్న, తిన్న,” అన్నాను.

నేను అడిగి ఉంటే జగదాంబ కూడా ఇట్లాగే అనేదేమో. నేను వచ్చి ‘అక్కడనే తిని వచ్చిన’ అనేవాణ్ణి. రోజూ అదే మాట. షూటింగ్ ఎప్పుడు అయిపోతుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి వస్తాననీ చెప్పేవాణ్ణి కాదు, రాననీ చెప్పేవాణ్ణి కాదు. పని లేని రోజు యూనియన్ ఆఫీసు దగ్గర పదిమందితో తినేవాణ్ణి. ఆమె ‘సరే’ అని గిన్నెల మీద మూతలు సర్దేది. ఆ గిన్నెల్లో ఏముందని నేను ఒక్కనాడూ అడగలేదు. ఏముంటుంది, నా వంతు అన్నం, నా వంతు పప్పు. నిన్న ఒక్క పూట ఎదురుచూస్తే నాకు ప్రాణం పోయినంత పనైంది. తెరెసా ముందు నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయాను.

గిన్నెలో కాస్త పులుసు పోసి ఆమె చేతికిచ్చాను. ఒక గుక్క తాగింది. గిన్నె కింద పెట్టలేదు. ఇంకో గుక్క తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇదేనండీ,” అంది. “ఏం వేశారు?”

“ఇంట్ల ఉన్నదే,” అన్నాను.

శనివారం మధ్యాహ్నం మళ్లీ ఇద్దరికి వండాను. ఈసారి ఎవరినీ పిలవలేదు. నా కంచంలో నేను పెట్టుకుని తిన్నాను. రెండో వంతు అట్లాగే ఉంచాను. పొద్దుగూకాక అన్నంలో నీళ్లు పోశాను. ఆదివారం పదకొండింటికి పులుసు చేసి, జగదాంబ తీసుకెళ్లే స్టీలు డబ్బా ఏదని తెరెసాను అడిగి, దానిలో పోసుకుని ఇద్దరం ఆటో ఎక్కాము.

ఉదయశ్రీ గారి ఇంటి వెనక వరండాలో పెద్ద బల్ల మీద పాతిక గిన్నెలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఆ మనుషులు తిండి గురించి మాట్లాడుకుంటుంటే వినాల్సిందే. ఒకాయన అరటికాయ తొక్కల వేపుడు చుట్టూ తిరుగుతూ అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీస్తున్నాడు. ఒక డాక్టరమ్మ ముల్లంగి ఆకుల్ని తన బిడ్డ ర్యాంకు గురించి చెప్పినట్టు చెబుతోంది. ఒక పెద్దాయన మిగిలిన చపాతీలతో ఉప్మా చేశానని చెప్పి, రుచి చూడని వాళ్లను వదలడం లేదు. నాకు నవ్వొచ్చింది. వీళ్ల మధ్య మా జగదాంబ కూర్చుని, వీళ్లతో మాట్లాడి, నవ్వి, ఇంటికి వచ్చేదని తలుచుకుంటే సంతోషం కూడా కలిగింది. నెలకు ఒక్క పూటైనా ఆమె నలుగురితో కలిసి తిన్నది. నేను ఇవ్వనిది ఈ కొత్తవాళ్లు ఇచ్చారు.

నాకు ఒక కుర్చీ చూపించి కూర్చోబెట్టారు. షూటింగుల్లో అందరూ తిన్నాక ఏ వ్యాను చాటునో నిలబడి తినేవాణ్ణి, నాకు అట్లా బల్ల ముందు కూర్చోవడం ఇబ్బందిగానే ఉంది. పులుసు తలా రెండు చెంచాలు వచ్చింది. ఫొటోలాయన ఫోను జేబులో పెట్టేశాడు. డాక్టరమ్మ మాట ఆపేసింది.

“అదే,” అన్నారు ఉదయశ్రీ గారు. “అచ్చంగా అదే.” ఒక నోటుపుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. “చెప్పండి బాలనర్సయ్య గారూ. మొదట ఏం చేయాలి?”

ఆటోలో వస్తున్నంతసేపూ ఏం చెప్పాలా అని ఆలోచించాను. పులియబెట్టిన నీళ్లు ఇంత, పప్పు ఇంత అని చెప్పి ఊరుకోవచ్చు. అది కూడా అబద్ధమే అవుతుందనిపించింది. ఈ మనుషుల దగ్గర, ఆమె కూర్చున్న చోట, ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

“మొదలు, ముందటి రోజు ఇద్దరికి వండాలె మేడమ్.”

డాక్టరమ్మ నవ్వింది. “ఇద్దరికి వండితే ఇద్దరూ తినేస్తారు కదండీ, ఇంక మిగిలేదేముంది?”

“ఒక్కరు రారు. వాళ్ల వంతు మిగుల్తది. ఎప్పుడొస్తరో ఎరుక లేదు గనుక తీసి ఫ్రిజ్జుల పెట్టొద్దు, పొయ్యి పక్కనే ఉంచాలె. పొద్దుగూకిందాక చూడాలె. ఇగ రారని తెలిసినంక అన్నంల నీళ్లు పోయాలె. తెల్లారి ఆ నీళ్లతోని, ఆ పప్పుతోని పులుసు పెట్టాలె. రానిది నేనే మేడమ్. నాకోసం వండిందే మీకు తెచ్చింది.”

ఉదయశ్రీ గారి చెయ్యి రాస్తూ రాస్తూ ఆగింది. తెరెసా చెంగుతో ముఖం తుడుచుకుంది. నన్ను ఎట్లా ఓదార్చాలో తెలియక ఉదయశ్రీ గారు నా చేతి మీద చెయ్యి వేశారు.

“అట్లా అనుకోకండి. మీ పని అట్లాంటిది. ఎప్పుడో ఒకసారి మీరు రాకపోతే, అదే దాచి మాకు తెచ్చి ఉంటారు.” కొంచెం ఆగి, ఏదో మంచి మాట గుర్తొచ్చినట్టు నవ్వారు. “ఆవిడకు మేమంటే ఎంత ఇష్టమో తెలుసా అండీ? రెండేళ్లలో ఒక్క ఆదివారం కూడా మానలేదు. వానొచ్చినా, జ్వరమొచ్చినా సరే, ప్రతిసారీ ఆ పులుసు డబ్బా పట్టుకునే వచ్చారు.”

ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. తెరెసా కూడా చెప్పలేదు. నేను ఆదివారాల్ని వదిలేసి, ఒక్కో ఆదివారానికి ముందున్న శనివారాన్ని తలుచుకుంటూ వెనక్కి వెళ్లాను. ఎంత దూరం వెళ్లినా ఆగడానికి చోటు దొరకలేదు.

“ఒక్క శనివారమన్న నేను ఇంటికొచ్చి తిని ఉంటే, ఆ తెల్లారి ఆమె మీ ఇంటికి ఒట్టి చేతులతోని వచ్చేది మేడమ్,” అన్నాను.